వ్యాసకవి ఫకీర్ మోహన్ సేనాపతి

మన యింటిలోని భాష తెలుగు. గడప దాటి వీథిలోనికి అడుగిడినచో వినవచ్చు భాష ఒడియా. ఈ రెండు భాషల నడుమ పెరుగుచున్న మన విద్యార్థులకు, ఒడియా సాహిత్యమునకు పునాది వేసిన మహారచయిత యొకని జీవితమును చెప్పవలెనని మాకు చిరకాలముగా కోరిక కలదు. ఆయన పేరు ఫకీర్ మోహన్ సేనాపతి. ఒడియావారు ఆయనను వ్యాసకవి యని గౌరవింతురు. ఆయన వ్రాసిన కథలలో రాజకుమారులు లేరు. జమీందారుల గుమాస్తాలు, సాలెవారు, తపాలా బంట్రోతులు, విధవలు, తండ్రి లేని పిల్లలు అందున్నారు. దారులన్నియు మూసికొనిపోయిన బ్రతుకుల కథలవి. చదివిన పిమ్మట మనసు బరువెక్కును. అట్టి కథలు వ్రాసిన వాని బ్రతుకెట్టిదో తెలిసికొనినగాని వాని విలువ మనకు బోధపడదు.

ఫకీర్ మోహన్ 1843వ సంవత్సరము జనవరి 13వ తేదీన బాలేశ్వర పట్టణమందలి మల్లికాశపూర్‌లో జన్మించెను. తండ్రి లక్ష్మణచరణుడు, తల్లి తులసీదేవి. బాలునికి ఒకటిన్నర యేండ్లు నిండకమునుపే తండ్రి గతించెను. మరికొంత కాలమునకు తల్లియు కన్నుమూసెను. ఆ పసివానిని నాయనమ్మ కుచిలాదేవి తన యొడిలోనికి తీసికొని పెంచెను. పిల్లవానికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వ్రజమోహనుడు. వానికి తీవ్రమైన జబ్బు చేసి, బ్రతుకుట దుర్లభమైనపుడు, నాయనమ్మ తాను కొలుచు దేవతలకు మ్రొక్కినది. ఫలము కానరాకపోగా ఊరిలోని పీరులకు మ్రొక్కి, బిడ్డ బ్రతికినచో వానిని ఫకీరుగా సమర్పింతునని మాట యిచ్చినది. బిడ్డ కోలుకొనెను. కాని ఒక్కగానొక్క మనుమని విడిచిపెట్టుటకు ఆమెకు చేతులు రాలేదు. అందుచే వానికి ఫకీర్ మోహన్ అని పేరు మార్చి, ఏటేట మొహర్రం దినములలో ఫకీరు వేషము వేయించి, ఇంటింట భిక్షమెత్తించి మ్రొక్కు తీర్చుకొనుచుండెను. ఒక హిందూ వృద్ధురాలి ప్రేమయు, ముసల్మాను సాధువులపై ఆమె కున్న విశ్వాసమును కలిసి ఆయన పేరులో నిలిచిపోయినవి.

ఇల్లు పినతండ్రి చేతిలో నుండెను. ఆయనకు తన బిడ్డలపై నున్న శ్రద్ధ ఈ దిక్కులేని బాలునిపై లేకుండెను. ఆరోగ్యము సరిగా లేకపోవుటయు తోడుకాగా, తొమ్మిదవ యేట గాని ఫకీర్ మోహన్‌కు అక్షరాభ్యాసము జరుగలేదు. అదియు నిర్విఘ్నముగా సాగలేదు. ఆ కాలమున బాలేశ్వరము పెద్ద రేవు. ఉప్పు నెత్తుకొని అక్కడి నుండి ఓడలు కలకత్తాకు పోవుచుండెడివి. ఓడలకు తెరచాపలు కుట్టు చోట బాలుడైన ఫకీర్ మోహన్ పనికి కుదిరెను. పిదప ఉప్పు కచ్చేరీలో కొంతకాలము పనిచేసెను. తన యీడు పిల్లలు పలకలు పట్టుకొని బడికి పోవుచుండగా, ఆయన కూలీల నడుమ ఎండలో నిలుచుండెను. ఆ దృశ్యమును ఆయన జీవితాంతము మరవలేదు.

ఉప్పు కచ్చేరీ మూతపడగా, ఆయన పట్టుదలతో బారబాటి బడిలో చేరెను. చదువులో మొదటి వరుసలో నిలిచెను గాని, ఫీజు చెల్లింపలేక మరల మానుకొనవలసి వచ్చెను. విధి వైపరీత్యము చూడుడు: ఫీజు లేక విడిచిపెట్టిన ఆ బడిలోనే ఆయన కొంతకాలమునకు ఉపాధ్యాయు డయ్యెను. పిమ్మట బాలేశ్వరపు క్రైస్తవ మిషన్ బడికి ప్రధానోపాధ్యాయు డయ్యెను. బడిలో తాను పొందలేని చదువును బడి వెలుపల సంపాదించెను. సంస్కృతము, బంగాళీ, పారసీ, ఆంగ్లము స్వయంకృషితో నేర్చెను. ఇంతటి పండితుడు ఏ పెద్ద పరీక్షయు ప్యాసైనవాడు కాడు.

ఆయన యువకుడై యుండగనే ఒడిశా దేశమును మహాక్షామము కబళించెను. 1865లో వానలు లేక పంటలు పోయినవి. 1866లో జనులు ఆకులు, వేళ్లు తిని, అవియు దొరకక దారుల ప్రక్కన పడి మరణించిరి. ప్రభుత్వమువారు సకాలమున బియ్యము తెప్పింపలేదు. తెప్పించిన పిదప వానకాలము వచ్చి సముద్రమార్గము మూసికొనిపోయెను. సుమారు పదిలక్షల మంది, అనగా దేశములో మూడింట ఒకవంతు జనులు, నశించిరని లెక్క. పూరీ గజపతి రాజుగారి అంకము ప్రకారము అది తొమ్మిదవ సంవత్సర మగుటచే దానిని నఅంక దుర్భిక్ష మని ఒడియావారు నేటికిని పిలుతురు. ఆకలి మనుష్యుని ఏమి చేయునో, కూడు గలవాడు కూడు లేనివాని యెడల ఎట్లు ప్రవర్తించునో ఫకీర్ మోహన్ కన్నులార చూచెను.

క్షామము గడచిన వెంటనే మరియొక ఆపద వచ్చెను. ఆనాడు ఒడిశా బంగాళ రాజధానిలోని భాగము. కచ్చేరీలలోను, బడులలోను పెద్ద యుద్యోగులలో పెక్కురు బంగాళీలు. ఒడియాలో చాలినన్ని పాఠ్యపుస్తకములు లేవు గనుక ఆ భాష బడులకు అక్కరలేదని వారిలో కొందరు వాదించిరి. 1870లో కాంతిచంద్ర భట్టాచార్య యను బాలేశ్వరపు ఉపాధ్యాయుడొకడు ఒడియా స్వతంత్రమైన భాషయే కాదని ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఈ వాదమే నెగ్గియుండినచో ఒడియా పిల్లలు తమ యూరిలోనే తమ మాటను విడిచి పరుల మాటలో చదువవలసి వచ్చెడిది.

ఫకీర్ మోహన్ దీనికి కేకలతో సమాధానము చెప్పలేదు. పుస్తకములు లేవని గదా వారి వాదము! కావున పుస్తకములు తయారు చేయవలెనని నిశ్చయించెను. మిత్రులను కూడగట్టి, వాటాలు పోగుచేసి, 1868లో బాలేశ్వరమున ముద్రణాలయము నెలకొల్పెను. అచ్చు యంత్రమును చూచుటకు జనులు తీర్థమునకు వచ్చినట్లు వచ్చిరి. అక్కడి నుండి పత్రిక వెడలెను. ఆయన ఒడియాలో భారతదేశ చరిత్రమును వ్రాసెను. ఆనాటి బాలేశ్వరపు కలెక్టరు జాన్ బీమ్స్ గొప్ప భాషావేత్త. ఆయన ఆర్యభాషల తులనాత్మక వ్యాకరణము రచించుచు ఫకీర్ మోహన్ సాయము కోరెను. ఒడియా ప్రత్యేక భాషయేయని బీమ్స్ దొర గట్టిగా పలికెను. కమిషనరు రేవెన్‌షా దొరయు ఒడియా పక్షమునే వహించెను. భాష నిలిచెను. ఫకీర్ మోహన్ బంగాళీ భాషను ద్వేషింపలేదని మన మిచట గమనింపవలెను. ఆ భాషలోని గ్రంథములను ఆయన ప్రీతితో చదివెను. తన తల్లి భాషకు ఇంటిలో పీట లేకుండ చేయుటను మాత్రమే ఎదిరించెను.

1871 మొదలు సుమారు ఇరువదియైదు సంవత్సరములు ఆయన ఒడిశాలోని చిన్న సంస్థానములలో దివానుగా పనిచేసెను. ఒడిశా నీలగిరి, ఢెంకనాల్, దశపల్లా, కెంఝర్ మున్నగు సంస్థానములలో ఆయన అధికారము నడిపెను. శిస్తు ఎట్లు వసూలగునో, కాగితముపై నొక సంతకము పేదవాని భూమిని ఎట్లు మ్రింగునో, వకీళ్లు, అమీనులు, గుమాస్తాలు ఎట్లు బ్రతుకుదురో ఆయన లోపలి నుండి చూచెను. ఇక్కడ ఒక సంగతిని మేము దాచము. 1891లో కెంఝర్‌లో భూయాఁలు ధరణీధరుని నాయకత్వమున రాజుపై తిరుగబడిరి. వెట్టిచాకిరి భరింపరానిదైనది. దివానుగా నున్న ఫకీర్ మోహన్ తిరుగుబాటుదారులకు పట్టుబడెను. తమలపాకులు, పోకలు, చెరకుతోట పనులను గూర్చి వ్రాసినట్లు కనబడు ఉత్తర మొకటి వ్రాసి, ఆ మాటల మరుగున తన పక్షమువారికి వర్తమానమంపి తప్పించుకొనెను. ఈ చమత్కారమును పిల్లలు ముచ్చటగా చెప్పుకొందురు. కాని ఆ దినమున ఆయన నిలిచినది రాజుగారి వైపున. వెట్టి చేసి నలిగినవారు రెండవ వైపున నుండిరి. నేడు కెంఝర్‌లో ధరణీధరుని పేర విద్యాలయ మున్నది. బాలేశ్వరములో ఫకీర్ మోహనుని పేర 1999లో విశ్వవిద్యాలయము వెలసినది. కాలము ఇరువురిని గౌరవించినది.

సంసారమున ఆయనకు శాంతి తక్కువ. మొదటి భార్యతో పొత్తు కుదరలేదు. రెండవ భార్య కృష్ణకుమారి ఆయనకు నిజమైన తోడు. వారి పసిబిడ్డ చనిపోగా, ఆమె నోదార్చుటకై ఆయన రామాయణమును ఒడియాలోనికి అనువదింప మొదలిడెను. మహాభారతమును గూడ అనువదించెను. వ్యాసకవి యను బిరుదు అందువలన గలిగినదే. 1894లో కృష్ణకుమారియు మరణించెను. 1896లో ఆయన ఉద్యోగము విరమించెను. ఏబది నాలుగవ యేడు నడచుచున్నది. ఎక్కువ మంది ఆ వయసున జపమాల చేతబట్టుదురు. ఆయన కలము చేతబట్టెను. ఒడియా వచనమున ఆయనను శాశ్వతుని జేసిన కథలు, నవలలు దాదాపు అన్నియు ఆ తరువాత వ్రాసినవే.

1897లో విశ్వనాథ కర్ సంపాదకత్వమున కటకమునుండి ఉత్కళ సాహిత్య యను మాసపత్రిక వెలువడ నారంభించెను. 1898లో అందు రేవతి యను కథ అచ్చయ్యెను. ఒడియా భాషలో తొలి ఆధునిక కథానికగా దానిని లెక్కింతురు. కథ చిన్నది. పాటపురము అను పల్లెలో శ్యామబంధు మహాంతి జమీందారు తరఫున శిస్తు వసూలు చేయు చిన్న యుద్యోగి. ఆయనకు తల్లి, భార్య, పదియేండ్ల కూతురు రేవతి. ఊరి బడిపంతులు వాసు అనాథ యువకుడు, మంచివాడు. రేవతి చదువుకొందునని ముచ్చటపడినది. తండ్రి సరేయనెను. నాయనమ్మ మాత్రము ఆడపిల్లకు చదువేమని గొణిగినది. వాసు చదువు చెప్పుచుండెను. ఆ పిల్లను వానికిచ్చి పెండ్లి చేయుదమని తల్లిదండ్రులు తలపోసిరి. అంతలో ఊరిలో కలరా వచ్చెను. తండ్రి పోయెను. తల్లి పోయెను. బాకీ పేరున జమీందారు దుక్కిటెడ్లను తోలుకొనిపోయెను. ఇంటిలో గింజలు నిండుకొన్నవి. పిల్లలను పరీక్షకు తీసికొనిపోయిన వాసు తిరిగి వచ్చుచు దారిలో కలరాచే మరణించెను. ఈ అనర్థమంతయు రేవతి చదువువలన వచ్చినదే యని నాయనమ్మ ఆమెను శపించుచుండెను. రేవతి ఒక్క మాటయు పలుకక, మంచము పట్టి కన్నుమూసెను. ఆమె వెంటనే ముసలిదియు పోయెను. ఆ యింట దీపము పెట్టువారు లేకపోయిరి.

ఇట్టి కథను ఎందులకు వ్రాసెనని కొందరు అడుగవచ్చును. రేవతి బ్రతికి, చదివి, పెండ్లి చేసికొని సుఖపడినట్లు వ్రాసియుండరాదా? మా కిట్లు తోచుచున్నది. ఆనాటి పల్లెలో రేవతివంటి పిల్ల చదువుకొనుట కెంత అడ్డుండెనో, ఆ అడ్డును తీసివేసి కథ చెప్పినచో అది నిజము కాకపోయెడిది. నాయనమ్మ క్రూరురాలు కాదు, మనుమరాలిని ప్రేమించినదే. కాని భయము ఆమెకు కన్నులు మూసినది. జబ్బు నీటివలన వచ్చునని ఆమె కెవరును చెప్పలేదు. అక్షరమువలన వచ్చునని ఆమె నమ్మినది. తాను తొమ్మిదేండ్ల దాక పలక పట్టలేని ఫకీర్ మోహన్‌కు, చదువుమీద ఆశపడిన పిల్లల బాధ పరాయిది కాదు. తన్ను బ్రతికించిన నాయనమ్మవంటి నాయనమ్మనే కథలో పెట్టి, ప్రేమకు అజ్ఞానము తోడైనచో ఏమగునో చూపెను.

అదే పత్రికలో 1897 నుండి ధూర్జటి యను మారుపేరుతో ఆయన నవల ఛ మాణ ఆఠ గుంఠ వెలువడెను. 1902లో పుస్తకరూపమున వచ్చెను. ఆరు మానముల ఎనిమిది గుంటలని దాని అర్థము. ఒడిశా కొలతలో ఇరువదియైదు గుంటలు ఒక మానము. మానమనగా రమారమి ఎకరము. ఇంచుమించు ఆరెకరముల పైచిల్లర మడిచెక్క చుట్టు కథ నడచును. భగియా, సారియా అను సాలె దంపతులకు బిడ్డలు లేరు. గ్రామదేవతకు గుడి కట్టించినచో బిడ్డలు కలుగుదురని వారిని నమ్మించి, రామచంద్ర మంగరాజను జమీందారు ఆ భూమిని తాకట్టు పెట్టించుకొనెను. బాకీ తీరలేదు. భూమి పోయెను. కన్నబిడ్డవలె పెంచుకొనిన ఆవును గూడ తోలుకొనిపోయిరి. భగియా పిచ్చివాడయ్యెను. సారియా అన్నము ముట్టక మంగరాజు పెరటిలో పడి ప్రాణము విడిచెను. తుదకు మంగరాజు చెరసాలకు పోయెను. ఆయన జమీందారీ ఒక వకీలు చేతబడెను. దోచినవాడు మారెను గాని దోపిడి ఆగలేదు. ఇంతటి దుఃఖకథను ఆయన పల్లెలో రచ్చబండ దగ్గర కబుర్లు చెప్పు పెద్దమనిషి ధోరణిలో, నవ్వుచు, వెక్కిరించుచు చెప్పెను. మంగరాజును పొగడుచున్నట్లే వ్రాయును; చదువరికి నిప్పు తగులును. కోర్టు కాగితముల భాషను, పల్లెవారి సామెతలను, సంస్కృత శ్లోకముల పోకడను ఒక్క తీగపై అల్లెను. పండితులు పామరభాష యని చిన్నచూపు చూచిన మాటలకు ఆయన సాహిత్యమున చోటిచ్చెను.

డాక్ మున్షీ యను కథ మన తలిదండ్రులు తప్పక చదువదగినది. హరిసింగ్ తపాలా కచ్చేరీలో బంట్రోతు. భార్య పోయినది. ఉన్న ఒక్క కొడుకు గోపాలుని, తన నోటి కూడు తగ్గించుకొని, ఆంగ్లము చదివించెను. కొడుకు పోస్టుమాస్టరయ్యెను. గొప్పవారు కూర్చుండు గదిలోనికి మోటుబట్టలతో వచ్చు ముసలితండ్రి వానికి సిగ్గుచేటయ్యెను. కడపట తండ్రిని కొట్టి వెడలగొట్టెను. ముసలివాడు పల్లెకు పోయి భజన చేసికొనుచు కాలము గడపెను. చదువు వలదని ఫకీర్ మోహన్ చెప్పలేదు. చదువుకై ఆయన పడినంత పాటు ఎవరు పడిరి? చదువుతో పాటు తండ్రిని, తండ్రి మాటను, తండ్రి బట్టను చూచి సిగ్గుపడుట గూడ నేర్చినచో అది చదువు కాదని మాత్రము చూపెను.

ఆయన 1918 జూన్ 14వ తేదీన బాలేశ్వరమున కాలధర్మము చెందెను. జీవితపు చివరి దినములలో తన స్వీయచరిత్రను వ్రాసెను. అది ఆయన మరణానంతరము 1927లో గ్రంథరూపమున వెలువడెను.

మనకు గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు 1910లో వచ్చెను. రేవతికిని దానికిని పండ్రెండేండ్ల దూరము. రెండింటిలోను చదువుకొనిన స్త్రీ కలదు. గురజాడవారి కమలిని భర్తను దిద్దుకొని నవ్వినది. రేవతి నవ్వకుండనే పోయినది. ఇరుగుపొరుగు భాషలలో ఇరువురు పెద్దలు ఒకే ప్రశ్నను తలకెత్తుకొనిరి.

ఇంకొక మాట చెప్పి ముగింతుము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమగువరకు గంజాం జిల్లా మదరాసు రాజధానిలో నుండెను. ఆనాడు కచ్చేరీలలో, బడులలో తెలుగే యేలుచున్నదని, తమ భాషకు చోటు లేదని అక్కడి ఒడియావారు మొరపెట్టుకొనిరి. వారి మొర న్యాయమైనదే. నేడు ఆ గడ్డపై మనము కొద్దిమందిమి. మన పిల్లలకు తెలుగు పుస్తకము సకాలమున అందదు. తెలుగు చెప్పు పంతులు దొరకుట కష్టము. ఈ చదువెందులకని ఇంటిలోని పెద్దలే కొందరు గొణుగుచున్నారు. బాలేశ్వరమున ఫకీర్ మోహన్ ఏమి చేసెనో మనము తలచుకొనవలెను. పొరుగు భాషను ప్రేమతో నేర్చెను. తన భాషలో పుస్తకము లేనిచోట పుస్తకము వ్రాసెను.

విద్యార్థులారా! ఒడియా చదువనేర్చిన మీరు రేవతిని ఆ భాషలోనే చదువుడు. పిదప ఆ కథను మీ యింటిలో అమ్మకు, నాయనమ్మకు తెలుగులో చెప్పుడు. తలిదండ్రులకు మా మనవి యొక్కటే. మీ యింటిలో రేవతి యున్నచో, ఆమె పలకను చేతిలోనుండి తీసికొనకుడు.